మెడ చూసి కాడి... వీపు చూసి జీను!

విజయవాడ నుంచి దిగువకు వెళ్లడానికి రెండు దారులు. ఒకటి బందరు రోడ్డు. బస్సులు, లారీలు, కల్యాణ మండపాలు, కాలేజీల బోర్డులు... అంతా హడావుడి. రెండోది కృష్ణ కరకట్ట. కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు అనుకునేవాళ్లకి ఇదే హాయి. కుడిచేతి వైపు నది. ఎడమచేతి వైపు అరటి, పసుపు, కంద, చెరకు తోటలు. రొయ్యూరు, వల్లూరుపాలెం దాటితే తోట్లవల్లూరు వచ్చేస్తుంది. మొత్తం కలిపి 30 కిలోమీటర్లు ఉంటుందేమో!

ఊరి ముందు కృష్ణమ్మ ఒకే పాయగా పారదు. నది మధ్యలో లంకలు. తోడేళ్లదిబ్బలంక, పాములలంక, పిల్లివానిలంక, తుమ్మలపచ్చికలంక... ఒక్కో పేరు వెనకా ఒక్కో కథ ఉండి తీరాలి. రైతులు ఏరు దాటి వెళ్లి సాగు చేస్తారు. పండిందాన్ని మళ్లీ ఏరు దాటించి ఒడ్డుకు చేర్చుకుంటారు. వరదొచ్చిందా, ఆ ఏటి కష్టం ఏటిపాలే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులొచ్చి ఆ రికార్డునూ చెరిపేసింది. లంకల్లో ఎవరిని కదిపినా ఇంట్లో పెళ్లిళ్ల సంవత్సరాలు చెప్పినట్టు వరదల సంవత్సరాలు చెబుతారు.

ఈ దారిలో మీకు ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఆటోలు కనిపిస్తాయి. అదృష్టం బావుంటే ఓ ఎడ్లబండి కూడా ఎదురవుతుంది. గుర్రం మాత్రం కనిపించదు. అయినా... పాత జీను కొనేటప్పుడు ఏం చూడాలో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి బడి లేదు. గుర్రమే లేని ఊళ్లో జీను పాఠం ఏమిటంటారా? కాస్త ఓపిక పట్టండి. ముందు ఈ నేలకూ గుర్రానికీ ఉన్న చుట్టరికం చెప్పుకుందాం.

ఓడ దిగిన చుట్టం

గుర్రం మన డెల్టాలో పుట్టి పెరిగిన జీవి కాదు. ఓడెక్కి వచ్చిన చుట్టం. చీరాలకు దక్షిణాన, సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనం చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన వర్తకులకు మాటిచ్చాడు. ఆ సరుకుల్లో బంగారం, రత్నాలు, ఏనుగులతోపాటు గుర్రాల ప్రస్తావన కూడా ఉంది. అంటే గుర్రాలు సముద్రం మీద ప్రయాణం చేసేవి. దారిలో మునిగిపోయేవి కూడా!

గోల్కొండ సుల్తానుల రోజులకు ఆ వైభవం మచిలీపట్నానికి దక్కింది. పారశీక దేశానికి ఇక్కడి నుంచి ఓడలు నడిచేవి. 17వ శతాబ్దిలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు వరసగా వచ్చి కొట్లు పెట్టుకున్నారు. ‘బందరు’ అన్న మాటే పారశీకం. రేవు అని అర్థం. జీను, రికాబు, లగాము, సవారీ... ఇవీ ఆ వైపు నుంచి వచ్చిన మాటలే. గుర్రంతోపాటు దాని సామాను, ఆ సామాను పేర్లు కూడా మన ఇంటికొచ్చాయన్నమాట. ‘కాడి’ మాత్రం అచ్చంగా మన మాట. మన ఎద్దు మెడ మీద పుట్టిన మాట.

తోట్లవల్లూరు వైపు బొమ్మదేవర వారి వల్లూరు జమీందారీ పేరు పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తే. గుర్రాలు, పల్లకీలు జమీందార్ల హోదాకు గుర్తులుగా ఉన్న కాలం అది. 1948లో వచ్చిన చట్టంతో జమీందారీలు పోయాయి. అయితే ఆ రోజుల్లో కూడా సామాన్య రైతుకు గుర్రంతో పని లేదు. వానాకాలంలో మోకాలి లోతు దిగబడే నల్లరేగడిలో గుర్రం ఏం చేస్తుంది? 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఇది పూర్తిగా ఎద్దుల రాజ్యం, పడవల రాజ్యం అయిపోయింది. దుక్కి ఎద్దుది, బండి ఎద్దుది. దూరం పోవాలంటే కాలవలో పడవ. బెజవాడ, గుడివాడ, బందరు స్టేషన్ల ముందు జట్కాలు కట్టిన గుర్రాలు తప్పిస్తే పల్లెకు గుర్రం ఎప్పుడూ దూరపు చుట్టమే.

కెంటకీ నుంచి ఫోన్

తోట్లవల్లూరు మండలంలో ఓ ఇంటి అరుగు మీద కూర్చుని లంక సాగు గురించి మాట్లాడుతుండగా ఆ ఇంటి పెద్దాయనకు ఫోనొచ్చింది. మనకు సాయంత్రం ఏడు. అవతల అమెరికాలో పొద్దున్నే. కొడుకు కుటుంబం కెంటకీ రాష్ట్రంలో ఉంటుంది. ఫోన్లో మనవరాలు. పద్నాలుగేళ్ల పిల్ల. అక్కడ గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది.

కృష్ణా జిల్లా పల్లెలో అమెరికా ఫోన్ వింతేమీ కాదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నే వింత. ‘తాతయ్యా, రెండు పాత జీన్లు చూశాం. ఏది తీసుకోవాలో చెప్పవా?’

కెంటకీలో ‘శాడిల్ సీట్’ అనే స్వారీ పద్ధతి ఒకటుంది. వెనకటికి అమెరికా దక్షిణాది తోటల యజమానులు రోజంతా గుర్రం మీద పొలాలు తిరిగేవారు. అలసట తెలియకుండా సాఫీగా నడిచే గుర్రాలను పెంచుకున్నారు. అలా తయారైన జాతి ‘అమెరికన్ శాడిల్‌బ్రెడ్’. మెడ నిటారుగా ఎత్తి, ముందుకాళ్లు పైపైకి లేపుతూ నడుస్తుంది. ఈ జాతి కోసం 1891లోనే కెంటకీలోని లూయీవిల్‌లో సంఘం పెట్టుకున్నారు. ఏటా ఆగస్టులో అదే ఊళ్లో పెద్ద పోటీలు జరుగుతాయి. ఈ స్వారీలో మనిషి కాస్త వెనక్కి, నిటారుగా కూర్చోవాలి. అందుకే జీను కూడా వేరుగా ఉంటుంది. కూర్చునే చోటు చదునుగా, పొడుగ్గా ఉంటుంది. ముందుభాగాన్ని ‘యు’ ఆకారంలో వెనక్కి కోసేస్తారు. ఎత్తయిన మూపుకు తగలకుండా ఉండాలని ఆ ఏర్పాటు.

మంచి రకం కొత్త జీను ధర వెయ్యి డాలర్లు దాటిపోతుంది. నేర్చుకునే పిల్లలకు అంత ఖర్చెందుకని చాలామంది పాతదే వెతుక్కుంటారు. సరిగ్గా చూసుకుంటే మంచి జీను పదుల ఏళ్లు పనిచేస్తుంది. చూసుకోకపోతేనే కష్టం. ఆ కష్టం కొన్నవాడిది కాదు, గుర్రానిది!

పెద్దాయన జన్మలో జీను ముట్టుకున్నది లేదు. అయినా కంగారుపడలేదు. కళ్లజోడు సవరించుకుని వరసగా ప్రశ్నలు వేయడం మొదలెట్టారు.

పసుపు పూసిన మెడ

ఆయన ప్రశ్నలు అర్థం కావాలంటే ముందు కాడి సంగతి తెలియాలి. ఎద్దుకు కాడి మెడ మీద, మూపురానికి ముందు కూర్చుంటుంది. నాగలి లాగినా బండి లాగినా బరువంతా ఆ జానెడు చోటు మీదే. కాడి సరిగా కుదిరితే ఎద్దు రోజంతా పనిచేస్తుంది. కుదరకపోతే రెండు రోజుల్లో మెడ ఒరుసుకుపోతుంది. పుండు పడుతుంది. మానినచోట కాయ కాస్తుంది. లేదంటే తెల్లవెంట్రుకలు మొలుస్తాయి.

‘సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారు, సుడులు చూస్తారు, నడిపించి చూస్తారు. నేను ముందు మెడ చూసేవాణ్ణి’ అన్నారాయన. ‘కొందరు అమ్మేవాళ్లు మెడకు పసుపు పూసి, పూసలదండ వేసి తీసుకొస్తారు. అలంకారం అనుకుంటాం. తడిగుడ్డతో తుడిస్తే కింద పుండు! మా ఊళ్లో పసుపుకు కరువు లేదు కదా, అందుకే పసుపు పూసిన మెడను నేను నమ్మను.’

పాత కాడి కొనేటప్పుడూ అంతే. కొత్త కాడి కన్నా పాతదాన్ని ఇష్టపడేవాళ్లు ఉంటారు. ఏళ్ల తరబడి మెడల కింద అరిగి అరిగి నున్నగా ఉంటుంది. కానీ అది అరిగింది వేరే ఎద్దుల మెడలకు. మన ఎద్దులకు అది కుదరాలని ఎక్కడుంది? అందుకే ఆయన మూడు పనులు చేసేవారట. కాడిని నేలకు ఆనించి, వేళ్ల కణుపులతో కొట్టి చూడటం. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికిందా, లోపల బీటో, పుచ్చో ఉన్నట్టే. తర్వాత ఒక కొన నుంచి కన్ను పెట్టి చూడటం. మెలి తిరిగిన కాడి ఒక ఎద్దుకు సుఖం, రెండోదానికి నరకం. ఆఖరికి ఎద్దుల మీద పెట్టి, కాడికీ మెడకూ మధ్య అరచెయ్యి దూర్చి చూడటం. చేతికి ఎక్కడ ఎక్కువ నొక్కినట్టు తెలిస్తే ఎద్దుకూ అక్కడే నొక్కుతుంది.

‘కాడికి నోరుండదు. ఎద్దుకూ ఉండదు. మెడే చెప్పాలి’ అన్నారు. అరుగు మీద కూర్చున్న మిగతావాళ్లు అవునన్నట్టు తలలూపారు.

చట్రం విరిగితే చట్టబండలే

ఇక ఫోన్లో సాగిన పాఠానికొద్దాం. ఒక జీను నిగనిగలాడుతోంది. రెండోది రంగు వెలిసి, పొట్టకింద బిగించే పట్టీలు సాగిపోయి ఉంది. పిల్లకు సహజంగానే మొదటిదాని మీద మనసు.

‘లోపల కర్ర ఉంటుందా అమ్మలూ?’ ఇది తాతగారి తొలిప్రశ్న. ఉంటుంది. జీను తోలు కింద ఒక చట్రం ఉంటుంది. కర్రతో చేస్తారు, లేదంటే ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ లాంటివాటితో. మనిషి బరువును గుర్రం వీపు మీద రెండువైపులా సమంగా పరిచేది అదే. జీనుకు ప్రాణం అక్కడే ఉంది. గుర్రం దొర్లినా, జీను ఎత్తు నుంచి పడినా చట్రం విరుగుతుంది. పైన తోలు మాత్రం చెక్కుచెదరదు. చూడ్డానికి బంగారంలా ఉంటుంది.

విరిగిందని తెలిసేదెలా? జీను ముందుభాగాన్ని తొడకు ఆనించి, వెనకభాగాన్ని తన వైపు లాగి చూడాలి. కొన్ని చట్రాలకు కాస్త సాగే గుణం ఉంటుంది. ఆ సాగడం రెండువైపులా ఒకేలా ఉండాలి. మధ్యలో మడత పడినట్టు వంగినా, కిర్రుమన్నా, ఎక్కడో ఒరుసుకుంటున్నట్టు చప్పుడొచ్చినా వదిలేయాలి. ముందు కిందికి దిగే రెండు కొనలను రెండు చేతులతో దగ్గరికి నొక్కాలి. అవి కదలకూడదు. శాడిల్ సీట్ జీనుకు ముందు కోత ఉంటుంది కాబట్టి ఆ కోత చుట్టుపక్కల ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. వెనక నుంచి చూస్తే రెండు పక్కలూ సమానంగా కనిపించాలి. పెద్దాయన కాడికి కన్ను పెట్టి చూసినట్టే!

తర్వాత జీనును తిరగేయాలి. వీపుకు ఆనేచోట రెండు పొడవాటి మెత్తలు ఉంటాయి. చాలావాటిలో ఉన్ని కూరుతారు. వాటి మధ్య వెన్నెముక కోసం వదిలిన సందు మొదటి నుంచి చివరి దాకా తిన్నగా ఉండాలి. అరచెయ్యి నెమ్మదిగా మెత్తల మీద రాయాలి. గడ్డలు తగిలాయా? గుంటలు పడ్డాయా? ఇది పెద్ద లోపం కాదు. పనివాడు ఉన్ని తీసి మళ్లీ కూరిపెడతాడు. పరుపులో దూది ఏకించుకున్నట్టే. పట్టీల చిల్లులు కోలగా సాగినా, కుట్లు గోటితో లాగితే ఊడొచ్చినా బాగుచేయించుకోవచ్చు. అయితే ఆ ఖర్చును ముందే ధరలోంచి తగ్గించి బేరమాడాలి. రికాబులు వేలాడే ఇనుపకమ్మీలు గట్టిగా పాతుకుని ఉన్నాయో లేదో చూసుకోవాలి. వదులైన కమ్మీ మనిషి ప్రాణానికే ముప్పు.

ఇక మెరుపు సంగతి. ‘నూనె రాశారేమో, వేలితో రుద్ది వాసన చూడు’ అన్నారు తాతగారు. అమ్మబోయే ముందు తోలుకు నూనె దట్టంగా పట్టిస్తే పగుళ్లు కనిపించవు. అందుకని పైన కాదు, అంచుల కింద, పట్టీల మొదళ్లలో తోలును వంచి చూడాలి. మడతలో సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ తోలు ఎండిపోయినట్టు. బూజు వాసనొస్తే నీళ్లలో నానిందేమో అడగాలి. వరదల్లో నానిన కాడిని, తాళ్లను చూసిన మనిషి కదా, ‘నీళ్లు తాగిన తోలును, దారాన్ని ఒకపట్టాన నమ్మకూడదు’ అన్నది ఆయన సిద్ధాంతం.

చెమట రాసిన లెక్క

ఇంతవరకూ జీను పరీక్ష. అసలు పరీక్ష గుర్రం మీద. ‘నీ గుర్రం మీద పెట్టి చూశావా? దాని వీపేమందీ?’ అని ఆయన అడిగారు. పిల్ల నవ్వింది. అక్కడ స్వారీ నేర్పే గురువుగారు కూడా సరిగ్గా అదే మాట అన్నారట.

కింద గుడ్డ వేయకుండా జీనును వట్టి వీపు మీద పెట్టాలి. భుజం ఎముక ఆడేచోటికి వెనకగా కూర్చోవాలి. ముందుభాగానికీ మూపుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరేంత సందు ఉండాలి. వెనక నుంచి వంగి చూస్తే వెన్నెముక పొడవునా వెలుతురు కనిపించాలి. జీను చివర ఆఖరి పక్కటెముకను దాటి వెనక్కి పోకూడదు. అక్కడ మనిషి బరువు మోసే బలం గుర్రానికి లేదు. శాడిల్ సీట్ జీన్లు మామూలు స్వారీ జీన్లకన్నా పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఈ కొలత మరీ ముఖ్యం. ‘పిల్ల ఎదుగుతుంది, పెద్ద సైజు తీసుకుందాం’ అని బడి యూనిఫాం లెక్కన కొంటే గుర్రం నడుం పోతుంది.

ఆ తర్వాత ఓ అరగంట స్వారీ చేసి జీను దించాలి. అప్పుడు వీపు మీద చెమట మరకలు చూడాలి. జీను ఆనినచోట చెమట రెండువైపులా సమంగా పట్టి ఉంటే కుదిరినట్టు. చుట్టూ చెమట ఉండి, మధ్యలో ఒక్కచోట పొడిగా మిగిలిందనుకోండి... అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమటే పట్టలేదన్నమాట. కొన్నాళ్లకు అక్కడే పుండు. ఇంకొన్నాళ్లకు తెల్లవెంట్రుకలు. నల్లగుర్రం వీపున జీను కింద తెల్లమచ్చ ఉందంటే అది పుట్టుమచ్చ కాకపోవచ్చు. ఎప్పుడో ఎవరో కుదరని జీను వేసిన గుర్తు కావచ్చు.

నిగనిగలాడే జీనును ఆ పిల్ల మూడు రోజులు అరువు తెచ్చుకుని ఈ పరీక్షలన్నీ చేసింది. మూపుకు ఎడమవైపు అరచెయ్యంత పొడి మచ్చ తేలింది. తిరిగిచ్చేసింది. రంగు వెలిసినది కుదిరింది. దానికి కొత్త పట్టీలు వేయించుకున్నారు. ఈ సంగతి పెద్దాయన మరో వారానికి చెప్పారు. ‘తోలు రంగు చూసేది మనం. గుర్రం చూడదుగా!’ అన్నారు.

ఉయ్యూరు దారిలో

తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు పది కిలోమీటర్ల లోపే. 1941లో కె.సి.పి. చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక ఈ దారి చెరకు బళ్ల దారి అయింది. క్రషింగ్ రోజుల్లో ఆకాశమంత ఎత్తున చెరకు వేసుకుని ఎడ్లబళ్లు బారులు తీరి కదిలేవి. పిల్లలు వెనకే పరిగెత్తి గడలు లాగేవాళ్లు. ఇనుప కట్టు చక్రాల స్థానంలో రబ్బరు టైర్లు వచ్చాక బండి తేలిగ్గా కదిలింది. దాంతో బరువు ఇంకా పెంచారు. సుఖం బండికి, కష్టం మెడకు!

ఎద్దులకూ గుర్రాలకూ చట్టం లేకపోలేదు. పుండ్లున్న పశువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. 1965లో వచ్చిన నిబంధనల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువుతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా ఒకే బిగిన 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనే పెట్టకూడదు. మన కృష్ణా జిల్లా మే నెల ఎండలో ఈ నిబంధన ఎంతమందికి గుర్తొస్తుందో మీకే తెలుసు.

ఉయ్యూరు, పామర్రు మీదుగా గుడివాడ వైపు వెళ్తే ఎద్దు ఇంకో రూపంలో కనిపిస్తుంది. సంక్రాంతి రోజుల్లో ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పోటీలు ఈ ప్రాంతానికి పెద్ద సరదా. జనమంతా ఎడ్ల కొమ్ములూ, మూపురాలూ చూస్తుంటారు. అనుభవమున్న ముసలి రైతులు మాత్రం కాడి కింది మెడ వంక చూస్తుంటారు. అక్కడ ఎర్రబడితే ఎంత మేలుజాతి జత అయినా పెదవి విరిచేస్తారు.

అటు ఉత్తరాన పాడేరు మన్యంలోకి వెళ్తే కథ వేరు. రోడ్డు లేని కొండ ఊళ్లకు రేషన్ బియ్యం మోసుకెళ్లేదీ, సంతకు పంట దించేదీ చిన్న గుర్రాలే. వాటికి ఖరీదైన జీన్లుండవు. వీపు మీద మడతలేసిన గోనెసంచులే జీను. గోనె మడత ఒక్కటి తిరగబడినా పుండే. అది తెలిసిన మనిషి బరువెత్తే ముందు రెండు చేతులతో గోనెను సర్దుతాడు. కెంటకీలో వేల డాలర్ల జీనుకైనా, మన్యంలో గోనెసంచికైనా లెక్క ఒకటే.

వేళ్లకు తెలిసిన చదువు

ఈ లెక్క తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి మగపశువులు 4.74 కోట్లు. 2012తో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. గుర్రాలు, తట్టులు కలిపి 3.4 లక్షలే మిగిలాయి. ఏడేళ్లలో 45 శాతానికి పైగా తగ్గాయి. ట్రాక్టరొచ్చింది, మంచిదే. ఎద్దుకు కష్టం తప్పింది, ఇంకా మంచిది. ఎద్దు వెళ్లిపోతూ మెడ తడిమి చూసే చేతిని కూడా తీసుకుపోతోంది. అదొక్కటే దిగులు. ఇప్పుడు ఈ దారిన ఎద్దును పనిలో పెట్టేవాళ్లలో చాలామందికి కాడి దిద్దే వడ్రంగి దొరకడం లేదు. ఎవరిదో పాత కాడి తెచ్చి గోనెపట్టా చుట్టి సరిపెట్టుకుంటున్నారు.

మరోవైపు నగరాల్లో గుర్రపుస్వారీ నేర్పే బడులు వెలుస్తున్నాయి. పిల్లలు సరదాపడుతున్నారు. జీన్ల తయారీకి కాన్పూరు పెట్టింది పేరు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ కుట్టిన జీన్లు యూరప్‌కూ, అమెరికాకూ వెళ్తాయి. కాబట్టి వస్తువుకు లోటు లేదు. పాతవీ దొరుకుతాయి. పిల్లవాణ్ణి స్వారీకి పంపే తల్లిదండ్రులు ఫీజు ఎంత, టోపీ ఇస్తారా అని అడుగుతారు. తప్పు లేదు. దాంతోపాటు ఇంకోటి అడగండి. ‘స్వారీ అయ్యాక జీను దించినప్పుడు ఒకసారి గుర్రం వీపు చూస్తాం’ అనండి. మంచి బడి సంతోషంగా చూపిస్తుంది. ‘ఎందుకండీ అవన్నీ’ అంటే ఇంకో బడి వెతుక్కోండి. పుండు మీద జీను నొక్కితే గుర్రం ఎగిరిపడుతుంది. పడేది మీ పిల్లాడే.

ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు మీద ఇంకా ముందుకు సాగితే సముద్రపు గాలి తగులుతుంది. గుర్రాలు ఓడ దిగిన ఈ తీరాన ఇప్పుడు గుర్రం కనబడేది ఎక్కువగా పెళ్లి ఊరేగింపుల్లోనే. తలకు తురాయి, మెడలో పూలదండలు, వీపున తళతళలాడే జరీ గుడ్డ. చుట్టూ బ్యాండు మేళం, టపాకాయలు. మీ ఇంట్లో పెళ్లికీ రేపు గుర్రాన్ని మాట్లాడుకోవచ్చు. బేరం కుదిరాక, బయానా ఇచ్చే ముందు, ఆ జరీ గుడ్డ ఒక్కసారి ఎత్తించి జీను కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టగానే గుర్రం చర్మం ముడుచుకుని పక్కకు జరిగితే అక్కడ నొప్పి ఉన్నట్టే. ఇంకో గుర్రాన్ని తెమ్మనండి. లేదంటే పెళ్లికొడుకును కారులోనే తీసుకెళ్లండి. ఊరేగింపు ఓ పావుగంట ఆలస్యమైతే ముహూర్తమేం మించిపోదు.